బూట్ స్లో అయిన కంప్యూటర్‌లో చెయ్యి పెట్టేముందు ఇవి చూసుకోండి

- అన్నిటికన్నా ముందు బ్యాకప్. స్లోగా ఆన్ అవుతోందంటే ఒక్కోసారి హార్డ్ డిస్క్ చావుకి దగ్గరపడిందని అర్థం, టకటకమని సౌండ్ వస్తున్నా ఫైల్స్ ఓపెన్ అవ్వడానికి యుగాలు పడుతున్నా ముఖ్యమైనవి ఎక్స్‌టర్నల్ డ్రైవ్‌లోకి కాపీ చేసేదాకా చెక్‌డిస్క్ (డిస్క్‌లో తప్పులు వెతికే విండోస్ టూల్) లాంటివి రన్ చెయ్యకండి, అసలే నీరసంగా ఉన్న డిస్క్ ఆ స్కాన్‌తో పూర్తిగా పోవచ్చు.
- బిట్‌లాకర్ (డిస్క్‌కి తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉందేమో చూడండి. ఉంటే 48 అంకెల రికవరీ కీ ఫోన్‌లోనో కాగితం మీదో రాసి పెట్టుకోండి, బయాస్‌లో (విండోస్ కన్నా ముందు వచ్చే సెట్టింగ్స్ స్క్రీన్) ఏదైనా మారిస్తే అది అడగొచ్చు, కీ అదే కంప్యూటర్‌లో దాచుకుంటే ఏం లాభం?
- బయాస్‌లోకి వెళ్ళేముందు ఉన్న సెట్టింగ్స్ ఫోటో తీసుకోండి. సాటా మోడ్ (డిస్క్‌తో కంప్యూటర్ మాట్లాడే పద్ధతి) మాత్రం ముట్టుకోవద్దు, మారిస్తే, విండోస్ అసలు బూట్ అవ్వకపోవచ్చు.
- రీస్టోర్ పాయింట్ (ఏదైనా తేడా వస్తే విండోస్ సెట్టింగ్స్‌ని వెనక్కి తెచ్చుకునే గుర్తు) పెట్టుకోండి. ల్యాప్‌టాప్ అయితే ఛార్జర్ కూడా పెట్టి ఉంచండి.
- స్టార్టప్ యాప్స్ ఆపేటప్పుడు ఒక్కొక్కటే ఆపి రీస్టార్ట్ చేసి చూడండి, అన్నీ ఒకేసారి ఆపేస్తే దోషి ఎవరో తేలదు. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని సర్వీసెస్ (వెనకాల నడిచే ప్రోగ్రామ్‌లు) లిస్ట్‌లో ముందు మైక్రోసాఫ్ట్‌వి హైడ్ చెయ్యండి, యాంటీవైరస్ జోలికి పోకండి.
- ఎస్‌ఎస్‌డీకి (తిరిగే భాగాలు లేని కొత్తరకం డిస్క్) పాతకాలం డీఫ్రాగ్ (చెల్లాచెదురైన ఫైల్ ముక్కల్ని ఒకచోట సర్దడం) వద్దు. రిజిస్ట్రీ క్లీనర్లు (విండోస్ సెట్టింగ్స్ దాచుకునే రిజిస్ట్రీని శుభ్రం చేస్తామనే యాప్స్) అసలే వద్దు, నా లెక్కలో అవి బాగుచేసేదానికన్నా చెడగొట్టేదే ఎక్కువ.