వర్ణన రాసే ముందు: మాటల ఎంపికలో జాగ్రత్తలు

మొదట పక్కన ఒక వాక్యం రాసి పెట్టుకోండి: ఇది ఎవరు చదవాలి, చదివి ఏం చేయాలి? అద్దె ప్రకటనా, మున్సిపాలిటీకి ఫిర్యాదా, కథా అన్నది తేలకుండా విశేషణాల జోలికి వెళ్లొద్దు.

మురుగు కాలువనే తీసుకోండి. ఫిర్యాదులో "ఒకటే కంపు" అంటే మీ కోపం తెలుస్తుంది గానీ పని జరగదు. "మూడు రోజులుగా మురుగు పొంగి, బడి గేటు ముందు చీలమండ లోతున నిలిచింది" అనాలి. అదే కథలో అయితే కంపే సరైన మాట. పాత్ర నోట "దుర్వాసన వెలువడుతున్నది" అనిపిస్తే ప్రెస్ నోట్ చదివినట్టుంటుంది.

మనిషి ఒంటి గురించి రాసేటప్పుడు మరీ జాగ్రత్త. "సన్నగా" అంటే చూసినట్టు, "నాజూగ్గా" అంటే మెచ్చుకున్నట్టు, "బక్కచిక్కి" అంటే జాలిపడ్డట్టు. మూడూ ఒకే పేరాలో పడితే మీ వైఖరేమిటో పాఠకుడికి అందదు.

- సంస్కృత సమాసం పక్కన వాడుక మాట పెడితే వెటకారం పుడుతుంది: "వదనారవిందం వాచిపోయింది". హాస్యానికి సరే, సంతాప వ్యాసంలో కొంప మునుగుతుంది.
- "అందమైన", "అద్భుతమైన" కనబడితే కొట్టేయండి. ఆ చోట కంటికి ఆనేది ఒకటి పెట్టండి: పెచ్చులూడిన సున్నం, తుప్పు పట్టిన గొళ్లెం.
- క్రియను ముందు సరిచూడండి. వాన "దంచింది" అన్నాక "భారీగా" ఎందుకు?
- ప్రకటనలో "విశాలమైన" అనేకంటే గది కొలత అడుగుల్లో ఇవ్వండి. కథలో ఆ కొలతలు అక్కర్లేదు.
- పైకి చదవండి. నాలుక తడబడిన చోట మాట మార్చండి.