బిట్ బిగించే ముందు: స్పిండిల్‌కి, షాంక్‌కి కోలెట్ కుదర్చడంలో జాగ్రత్తలు

చిన్న సీఎన్‌సీ మెషిన్‌లో (కంప్యూటర్ చెప్పినట్టు చెక్కే యంత్రం) 24,000 ఆర్‌పీఎం దాకా తిరిగే కోత బిట్‌ని పట్టి ఉంచేది వేలెడంత కూడా లేని ఉక్కు కోలెట్. దాని బయటి కొలత స్పిండిల్‌కి (బిట్‌ని తిప్పే మోటారు), లోపలి కొలత బిట్ షాంక్‌కి (కోలెట్‌లో దూరే కాడ) కుదరాలి. ఈ రెండింట్లో ఏది "దాదాపు సరిపోయింది" అనిపించినా సరిపోలేదనే లెక్క.

ముందు స్పిండిల్ ఈఆర్ (కోలెట్ల ఒక ప్రామాణిక రకం)లో ఏ సిరీస్‌దో తేల్చుకోండి. ఈఆర్ పక్కన ఉండే అంకె బిట్ సైజు కాదు, కోలెట్ తల వ్యాసానికి దగ్గరగా ఉండే అంకె. ఈఆర్11 తల 11.5 మి.మీ., ఈఆర్16 తల 17, ఈఆర్20 తల 21. ఇవి పట్టే షాంక్ వరసగా 7, 10, 13 మి.మీ. వరకే. అందుకే ఈఆర్11 స్పిండిల్ ఉన్నవాళ్లు 8 మి.మీ. షాంక్ బిట్లు కొంటే డబ్బు దండగ. 3018 రకం మెషిన్లలో 775 మోటారుకి తగిలించే ఈఆర్11 అడాప్టర్, 800 వాట్ల 65 మి.మీ. స్పిండిల్‌లో ఈఆర్11, 2.2 కిలోవాట్ల 80 మి.మీ. స్పిండిల్‌లో ఈఆర్20 ఎక్కువగా కనిపిస్తాయి. 1.5 కిలోవాట్ల దాంట్లో ఈఆర్11 ఉండొచ్చు, ఈఆర్16 ఉండొచ్చు. కాబట్టి వాటేజీ చూసి ఆర్డర్ పెట్టకండి. నట్ విప్పి, కోలెట్ తీసి, వెర్నియర్‌తో కొలవండి. స్పిండిల్ బదులు ట్రిమ్ రౌటర్ (చేత్తో పట్టుకుని చెక్క చెక్కే చిన్న మెషిన్) పెట్టుకుంటే దానికి ఆ కంపెనీ కోలెట్టే వాడాలి. చాలా రౌటర్ల కోన్ (కోలెట్ కూర్చునే వాలు రంధ్రం) ఈఆర్ కోన్ కాదు.

నట్‌లో ఇంకో తిరకాసు ఉంది. ఈఆర్11 మామూలు నట్ మర ఎం14×0.75 (వ్యాసం 14 మి.మీ., మరల మధ్య దూరం 0.75 మి.మీ.), మినీ నట్‌ది ఎం13×0.75. ఈఆర్16లో అవి ఎం22×1.5, ఎం19×1. కోలెట్ ఒకటే కావడంతో నట్ కూడా ఒకటే అనుకుంటారు. సరైన నట్ కోలెట్ లేకుండా పెడితే వేళ్లతోనే చివరిదాకా ఎక్కుతుంది. ఒకటిన్నర చుట్టుకే బిగుసుకుంటే అక్కడే ఆపండి, స్పానర్ జోలికి పోకండి. మర ఉన్నది షాఫ్ట్ మీద. అది చెడితే పోయేది నట్ కాదు, స్పిండిల్.

ఎక్కువ మంది బోల్తా పడేది షాంక్ దగ్గరే. 1/8 అంగుళం అంటే 3.175 మి.మీ., పావు అంగుళం అంటే 6.35 మి.మీ. కంటికి ఇవి 3, 6 లాగే ఉంటాయి. కోలెట్ తన మీద రాసిన కొలత నుంచి లోపలికి ముడుచుకోగలదు గానీ బయటికి విచ్చుకోదు. 3.175 షాంక్‌ని 3 కోలెట్‌లోకి బలవంతంగా దూర్చితే చీలికలు విచ్చుకుని కోలెట్ వంకర పోతుంది, ఆ తర్వాత 3 మి.మీ. బిట్‌కి కూడా పనికిరాదు. ముడుచుకోవడానికీ హద్దుంది. ఈఆర్11లో ఆ హద్దు 0.5 మి.మీ. కాబట్టి 4 మి.మీ. కోలెట్ 3.175ని పట్టలేదు. 3.5 కోలెట్ పట్టగలదు గానీ పట్టు బాగుండదు. కొలత కంటే బాగా ముడుచుకున్న కోలెట్ లోపలి గోడ షాంక్‌కి పూర్తిగా ఆనదు, కొన్ని గీతల మీదే నొక్కుతుంది. పైగా బిట్ కేంద్రం నుంచి జరుగుతుంది. అర మి.మీ. తేడాలతో వచ్చే పెద్ద సెట్లలో తరచుగా 3.175, 6.35 ఉండవు. మా సలహా అడిగితే, సెట్ కొనే ముందు 3, 3.175, 6, 6.35 నాలుగూ విడిగా, కాస్త మంచి రకంవి తీసుకోండి.

బిగించేటప్పుడు పాటించాల్సిన వరస:

1. మెషిన్ కరెంటు తీసేయండి. వీఎఫ్‌డీ (స్పిండిల్ వేగాన్ని మార్చే కంట్రోలర్) ఉంటే దాన్ని కూడా ఆపండి.
2. స్పిండిల్ కోన్, కోలెట్ లోపల, బయట, నట్ లోపలి వాలు తుడవండి. చెక్క, ఎండీఎఫ్ ధూళి జిగురై అంటుకుని ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వాడండి. కోన్‌కి, కోలెట్ రంధ్రానికి నూనె తగలకూడదు.
3. కోలెట్‌ని కాస్త వంచి నట్‌లోకి నొక్కండి, టక్కుమని కూర్చోవాలి. అలా కూర్చుంటే నట్ లోపలి అంచు కోలెట్ గాడిలో పడ్డట్టు. ఇదయ్యాకే నట్‌ని స్పిండిల్‌కి ఎక్కించాలి. కోలెట్‌ని ముందు కోన్‌లో వేసి పైన నట్ బిగిస్తే అది పక్కకి ఒరుగుతుంది, విప్పేటప్పుడు కోన్‌లోనే ఇరుక్కుంటుంది.
4. షాంక్ కోలెట్ పొడవులో కనీసం మూడింట రెండు వంతులు లోపలికి వెళ్లాలి. ఈఆర్11 పొడవు 18 మి.మీ. కాబట్టి 12 మి.మీ. కంటే తగ్గకూడదు. కట్టింగ్ అంచులు కోలెట్‌లోకి రాకూడదు.
5. రెండు స్పానర్లతో బిగించండి. ఒకటి షాఫ్ట్‌కి, ఒకటి నట్‌కి. స్పానర్‌కి పైపు తొడిగి బలం పెంచొద్దు. బిట్ లేకుండా అసలు బిగించొద్దు, ఖాళీ కోలెట్ హద్దు దాటి ముడుచుకుని పాడవుతుంది.

సన్నటి బిట్లు వాడేవాళ్లు రనౌట్ (తిరిగేటప్పుడు బిట్ కేంద్రం నుంచి పక్కకి ఊగడం) కొలవకుండా పని మొదలుపెట్టకూడదు. లెక్క చూడండి. 1 మి.మీ. రెండంచుల బిట్, 12,000 ఆర్‌పీఎం, నిమిషానికి 240 మి.మీ. ఫీడ్ (బిట్ ముందుకు కదిలే వేగం): ఒక్కో అంచు కోసేది 0.01 మి.మీ. డయల్ ఇండికేటర్ (సన్న కదలికను కొలిచే పరికరం) 0.03 చూపించిందంటే ఒక అంచే కోస్తుండొచ్చు, రెండోది గాల్లో తిరుగుతుండొచ్చు. భారమంతా కోసే అంచు మీదే పడుతుంది, బిట్ విరుగుతుంది. తప్పంతా ఫీడ్ మీద వేస్తారు. బిట్ తీసి నిటారైన పిన్ బిగించి, స్పిండిల్‌ని చేత్తో తిప్పుతూ చూడండి. ఎత్తుగా ఉన్న (డయల్ ఎక్కువ చూపే) చోట మార్కర్‌తో గుర్తు పెట్టి, నట్ వదులు చేసి కోలెట్‌ని సగం చుట్టు తిప్పి, మళ్లీ కొలవండి. ఎత్తు కోలెట్‌తో పాటు జరిగితే కోలెట్ మార్చండి. షాఫ్ట్‌లో అదే చోట నిలిస్తే కోన్‌లో మురికో, గాయమో ఉంది. 775 మోటార్ల అడాప్టర్‌లో అయితే గ్రబ్ స్క్రూ (అడాప్టర్‌ని బిగించే తల లేని చిన్న స్క్రూ) దాన్ని ఓ పక్కకి నెట్టేసి ఉండవచ్చు.

ముందే చెప్పుకోవాల్సింది ఇంకొకటి. పైకి పొట్టు తీసే స్పైరల్ బిట్ కోతలో కిందికి లాగబడుతుంది. పట్టు చాలకపోతే కొద్దికొద్దిగా జారి, కోత మొదట్లో కన్నా చివర్లో లోతుగా తేలుతుంది. జెడ్ (పైకీ కిందికీ కదిలే) అక్షం మోటారు స్టెప్పులు తప్పిందని మోటారు సెట్టింగులు మార్చే ముందు, షాంక్ మీద, కోలెట్ ముఖం మీద కలిపి మార్కర్ గీత గీసి ఒక పాస్ నడపండి. గీత విడిపోయినా, షాంక్ మీద రాపిడి గుర్తులు కనిపించినా జారుతున్నట్టే. అప్పుడు తుడిచి, కొలిచి మళ్లీ బిగించండి. అయినా జారితే ఆ కోలెట్‌ని చెత్తలో వేయండి, పెట్టెలో దాచుకోకండి.