పాత కారుకి లినక్స్ తెర: నాలుగు బటన్లు చాలు

విజయనగరం నుంచి సాలూరు మీదుగా కొరాపుట్ వైపు ఘాట్ ఎక్కేవాళ్లకి తెలుసు, మధ్యలో ఫోన్ సిగ్నల్ పోతుంది, దాంతోపాటే మ్యాపూ, పాటలూ పోతాయి. మా పాత కారులో టచ్ స్క్రీన్ లేదు, కొత్తది కొనే ఉద్దేశం కూడా లేదు, అందుకే ఇంట్లో ఊరికే పడున్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు (2 జీబీది) తీసి దానికి 800x480 టచ్ తెర తగిలించాను.

మొదట చేసిన తప్పు, మామూలు డెస్క్‌టాప్ వేయడం. గతుకుల్లో ఊగే కారులో చిన్న ఐకాన్ మీద వేలు పెట్టడమంటే సూదిలో దారం ఎక్కించినట్టే. కాబట్టి డెస్క్‌టాప్ లేని లైట్ వెర్షన్ రాస్ప్‌బెర్రీ పై ఓఎస్ (ఇది లినక్సే) వేసుకోండి. దాని మీద తెర మీద బొమ్మ రావడానికి ఎక్స్ సర్వర్, దాన్ని మొదలుపెట్టే ఎక్స్‌ఇనిట్, విండోలు చూసుకునే ఓపెన్‌బాక్స్, బటన్లు గీయడానికి పైథాన్ పైగేమ్, పాటలకి ఎంపీడీ, జీపీఎస్‌కి జీపీఎస్‌డీ, మ్యాప్‌కి నావిట్, అంతే. నావిట్‌కి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ డేటా ముందే దింపుకుంటే ఘాట్‌లో నెట్‌తో పనిలేదు. సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో కన్సోల్ ఆటోలాగిన్ పెట్టి, లాగిన్ అవగానే ఎక్స్‌ని మొదలుపెట్టే స్టార్ట్‌ఎక్స్ ఆజ్ఞ నడిచేలా బాష్ ప్రొఫైల్‌లో ఒక లైను రాయండి. ఎక్స్ మొదలవగానే నడిచే ఎక్స్‌ఇనిట్‌ఆర్‌సీ ఫైల్లో స్క్రీన్ సేవర్ ఆపేసే ఎక్స్‌సెట్ ఆజ్ఞలు, తర్వాత ఓపెన్‌బాక్స్, బటన్లు చూపించే మీ ప్రోగ్రామ్ రాయండి.

ఆ ప్రోగ్రామ్ పెద్ద విషయమేం కాదు. తెరని నాలుగు ముక్కలు చేసి పాటలు, మ్యాప్, ఫోల్డర్, ఆఫ్ అని నాలుగు బటన్లు పెట్టాను, ఒక్కోటి 400x240, నల్ల నేపథ్యం మీద తెల్ల అక్షరాలు, రాత్రి కళ్లలో కొట్టదు. చిక్కంతా తెలుగుతో వచ్చింది. పైగేమ్‌లో తెలుగు పదం నేరుగా గీయిస్తే ఒత్తులు విడిపోయి అక్షరాలు చెల్లాచెదురుగా పడ్డాయి. దాంతో కుస్తీ పట్టకండి, బొమ్మలు గీసే గింప్ ప్రోగ్రామ్‌లో నోటో సాన్స్ తెలుగు ఫాంట్‌తో బటన్ బొమ్మలు ముందే తయారుచేసుకుని పీఎన్‌జీలుగా అతికించేయండి. పాటల పేర్లు మాత్రం అలా కుదరవు కాబట్టి నేను పేర్లు చూపించడమే మానేశాను, నడిపేవాడు చదువుతూ కూర్చోకూడదు కూడా.

అసలు తలనొప్పి కరెంటు. మొదట సిగరెట్ లైటర్‌లో పెట్టే చవక చార్జర్ వాడితే తెర మూల మెరుపు గుర్తు వస్తూనే ఉండేది, అంటే వోల్టేజ్ చాలట్లేదని. రాస్ప్‌బెర్రీ పైకి 5 వోల్టులు, 3 ఆంప్‌లు కావాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు కారు లైను 14 వోల్టుల దాకా ఉంటుంది, స్టార్టర్ తిప్పినప్పుడు బాగా పడిపోతుంది, రెండూ తట్టుకునే బక్ కన్వర్టర్ (వోల్టేజ్ తగ్గించి ఇచ్చేది) కొని మధ్యలో ఫ్యూజ్ పెట్టండి. గంటస్తంభం దగ్గర ఆటో ఎలక్ట్రీషియన్‌ని ఏసీసీ వైరు (తాళం తిప్పితే కరెంటు వచ్చేది) చూపించమంటే "ఏటి బాబూ, ఇంజిన్ తిప్పేటప్పుడు ఆ వైరు ఆగిపోద్ది కదా" అన్నాడు. నిజమే, చాలా కార్లలో స్టార్టర్ తిరుగుతున్నంతసేపు ఏసీసీ ఆగిపోతుంది, అంటే రాస్ప్‌బెర్రీ పై ఒకసారి మొదలై చచ్చి మళ్లీ మొదలవుతుంది. అందుకే బూటింగ్ ఎంత తొందరగా అయితే అంత మంచిది. సిస్టమ్‌డీ-అనలైజ్ బ్లేమ్ అని కొడితే ఏ సర్వీసు ఎంత సమయం తింటోందో చూపిస్తుంది, నెట్‌వర్క్ కోసం ఎదురుచూసేదాన్నీ, కారులో పనికిరాని బ్లూటూత్, అవాహీ (నెట్‌వర్క్‌లో వేరే పరికరాల్ని వెతికేది) సర్వీసులనీ ఆపేయండి. ఇప్పుడు సీటు బెల్టు పెట్టుకునేలోగా బటన్లు వచ్చేస్తున్నాయి.

తాళం తీయగానే కరెంటు పోతుంది, ఎస్‌డీ కార్డు పాడవడానికి అదొక్కటి చాలు. టైమర్ రిలేలూ అవీ పెట్టొచ్చు గానీ, నేనైతే రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేసి కార్డు మీద రాతలే జరగకుండా చేశాను, పాటలు పెన్‌డ్రైవ్‌లో, అదీ చదవడానికి మాత్రమే. దీనివల్ల నిన్న ఎక్కడ ఆపామో ఎంపీడీకి గుర్తుండదు, ప్రతిసారీ ర్యాండమ్. మా ఆవిడకి ఇది నచ్చలేదు, నాకు పర్లేదు.

చిన్నాచితకా: రాస్ప్‌బెర్రీ పై 4లో గడియారం ఉండదు, నెట్ లేకపోతే పాత టైమే చూపిస్తుంది, డీఎస్3231 గడియారం మాడ్యూల్ ఒకటి పెట్టండి. కారు స్టీరియోకి పాటలు వెళ్లే ఆక్స్ తీగలో బుయ్‌మని శబ్దం వస్తే గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ తగిలించండి. మే నెలలో అరసవల్లి గుడి దగ్గర ఎండలో గంట ఆపితే డాష్‌బోర్డు ఎలా కాలుతుందో తెలిసిందే, రాస్ప్‌బెర్రీ పై చిప్ వేడి 80 డిగ్రీలు దాటగానే వేగం తగ్గించుకుంటుంది, కాబట్టి దాన్ని సీటు కింద పెట్టి తెర వరకే పైకి తెచ్చుకోండి. రివర్స్ కెమెరా మాత్రం దీనికి తగిలించొద్దు, బూట్ అయ్యేలోగా గోడ తగులుతుంది.

ఓవర్‌లే అన్నిటికన్నా ఆఖర్న ఆన్ చేయండి. నేను తొందరపడి ముందే చేసేసి, ఒక ఆదివారమంతా కారులో కూర్చుని బటన్లు సర్దాను. సోమవారం తాళం తిప్పితే అన్నీ పాత చోటే ఉన్నాయి.