లాబ్రడార్ ఇల్లు పీకి పందిరేస్తోందా? సమస్య - పరిష్కారం

విశాఖ ఎంవీపీ కాలనీలో మాది రెండు బెడ్‌రూముల ఫ్లాట్. అందులో మేం నలుగురం, ఏడాదిన్నర లాబ్రడార్ బ్రూనో. లాబ్రడార్ల పూర్వీకులు న్యూఫౌండ్‌లాండ్ తీరంలో జాలర్లకు వలలు, జారిపోయిన చేపలు లాక్కొచ్చి పెట్టేవి. ఆ రక్తం ఉన్న కుక్కకు మనం పని చూపించకపోతే తనే వెతుక్కుంటుంది.

సమస్య: చెప్పులు, సోఫా కొరకడం

కారణం వయసును బట్టి ఉంటుంది. నాలుగో నెల నుంచి ఆరేడు నెలల వరకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తాయి, చిగుళ్లు సలుపుతాయి. ఏడాది దాటిన కుక్క కొరుకుతోందంటే చాలావరకు తోచకే.

బాగా పరిగెత్తిస్తే సరిపోతుందనుకున్నాను. రోజూ తెల్లవారుజామున ఆర్కే బీచ్‌లో పరుగులే. నెల తిరిగేసరికి వాడికి దమ్ము పెరిగింది, నా మోకాళ్లు పట్టేశాయి, సోఫా మాత్రం చిరుగుతూనే ఉంది.

పని చెప్పాల్సింది కాళ్లకే కాదు, ముక్కుకు కూడా. పాత తువ్వాలు నేల మీద పరిచి, పొద్దుటి తిండిలోంచి గుప్పెడు డాగ్‌ఫుడ్ గింజలు చల్లి, చాపలా చుట్టండి. మొదటి రోజు ఊరికే చుట్టి ఇవ్వండి, అలవాటయ్యాక వదులుగా ముడి వేయండి. బ్రూనో ముక్కుతో మడతలు తోస్తూ, బుసబుసమంటూ, ఒక్కో గింజా ఏరుకుంటాడు. పావుగంటకు తువ్వాలు మీదే తల పెట్టి పడుకుంటాడు. గిన్నెలో పోస్తే అదే తిండి అర నిమిషంలో ఖాళీ!

కొరకడానికి ఫ్రిజ్‌లో పెట్టిన క్యారెట్ ఇవ్వొచ్చు. ఉడికించిన ఎముకలు మాత్రం వద్దు. పెళుసుగా విరిగి గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటాయి.

సమస్య: వచ్చినవాళ్ల మీదికి ఎగరడం

ఎగిరితే ఎవరో ఒకరు పట్టించుకుంటారని దానికి తెలుసు. "దిగు, దిగు" అని చేత్తో తోసినా దానికి ఆటే. మా ఇంట్లో అందరం బిగుసుకుని నిలబడితే, మా అత్తగారు "పోనీలే పాపం, నోరులేని జీవం" అని బిస్కెట్ ముక్క పెట్టేవారు. పదిసార్లకు ఒక్కసారి గిట్టుబాటైనా చాలు, ఇక మానదు.

ఎగరగానే చేతులు కట్టుకుని వెనక్కి తిరగండి, మాట్లాడకండి. నాలుగు కాళ్లూ నేల మీద పెట్టిన క్షణంలోనే తినడానికి పెట్టండి. మొదట్లో ఇంకా ఎక్కువ ఎగురుతుంది. అప్పుడు లొంగిపోతే గట్టిగా ఎగరాలని మనమే నేర్పినట్టు. చుట్టాలు వచ్చేటప్పుడు బెల్టు వేసి పట్టుకోండి. మేం బిస్కెట్ల డబ్బా అత్తగారికే అప్పగించాం, అది కూర్చుంటేనే పెట్టాలన్న షరతుతో. ఇప్పుడు మా అందరికంటే ఆవిడే స్ట్రిక్టు.

సమస్య: వాకింగ్‌లో లాక్కెళ్లడం

లాగితే ముందుకు వెళ్తున్నాం కదా, అదే కారణం. తాడు బిగిసిన చోటే ఆగిపోండి, వదులైతేనే అడుగేయండి. బీచ్‌లో ముంతమసాలా బండ్ల మధ్య నేర్పాలంటే కుదరదు, ముందు వీధిలో నేర్పండి. ఎండాకాలంలో అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఏడు సెకన్లు ఆనించలేకపోతే దాన్ని నడిపించకండి. రోడ్డు చల్లగా ఉన్నా మన విశాఖ ఉక్కపోతలో రొప్పినంత మాత్రాన దాని ఒళ్లు చల్లబడదు.

సమస్య: ఉన్నట్టుండి గుర్రుమనడం

దీన్ని పొగరనుకోకండి. ఒకరోజు తల నిమరబోతే బ్రూనో పళ్లు చూపించాడు. మా ఆయన కర్ర తీశారు, నేను చెవి ఎత్తి చూశాను. లోపల గోధుమరంగు గుమిలి, పులిసిన వాసన. వేలాడే చెవులు, ఇక్కడి తేమ, పైగా సముద్రంలో మునకలు. డాక్టర్ చెవి శుభ్రం చేసి చుక్కల మందు రాశాక పది రోజుల్లో మామూలైపోయాడు. ప్రవర్తన హఠాత్తుగా మారితే ట్రైనర్ కంటే ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఇప్పుడు బీచ్ నుంచి రాగానే కాళ్ల ఇసుక కంటే ముందు చెవులు తుడుస్తున్నాం.