ఎక్సోమ్ పరీక్షలో ఏమీ తేలకపోతే: హార్మోన్ రుగ్మతల్లో నాన్‌కోడింగ్ మార్పులను వెతకడం

ఎక్సోమ్ పరీక్ష చదివేది ఎక్సాన్లనూ (జన్యువుల్లో ప్రోటీన్ సూచనలు ఉండే ముక్కలు) వాటి అంచులనూ మాత్రమే. అది జీనోమ్‌లో 2 శాతం లోపే. జన్యువు ఏ కణంలో, ఎంత పనిచేయాలో నిర్ణయించే స్విచ్‌లు చాలావరకు ఆ హద్దు బయటే, ప్రోటీన్ సూచనలు లేని నాన్‌కోడింగ్ భాగంలో ఉంటాయి.

ముందు హార్మోన్ లెక్క పక్కాగా తేల్చుకోండి. పసిబిడ్డకు గ్లూకోజ్ పడిపోయినప్పుడు కూడా రక్తంలో ఇన్సులిన్ కనిపిస్తూ, కీటోన్లు (కొవ్వు కరిగితే వచ్చే ఇంధనం) తక్కువగా ఉంటే అది హైపర్‌ఇన్సులినిజం, అంటే ఇన్సులిన్ అతిగా కారే జబ్బు. ఇది తేలకుండా జీనోమ్ తెరిస్తే, ఒక్కో మనిషిలో ఉండే లక్షల మార్పుల్లో దారి దొరకదు.

ఇన్సులిన్ విడుదలను అదుపుచేసే ఏబీసీసీ8 జన్యువు రెండు ప్రతుల్లో ఒకదానిలోనే లోపం దొరికితే, రెండోదాన్ని ఇంట్రాన్లలో (ఎక్సాన్ల మధ్య భాగాల్లో) వెతకండి. ఒక తెలిసిన మార్పు ఎక్సాన్‌కు 1,013 అక్షరాల దూరంలో ఉంది. అది దొంగ స్ప్లైస్ స్థానాన్ని (ఎక్సాన్లను కత్తిరించి అతికించే చోటు) సృష్టించి, ప్రోటీన్ తయారీకి వాడే జన్యువు నకలైన ఎంఆర్ఎన్ఏలోకి పనికిరాని ముక్కను చొప్పిస్తుంది. అయితే ఆ ఒక్క లోపం తండ్రి నుంచి వచ్చిందైతే తొందరపడకూడదు: క్లోమంలో ఒక చోటే గడ్డలా ఉండే ఫోకల్ రకానికి వారసత్వంగా వచ్చే లోపం అదొక్కటే చాలు; తల్లి వైపు ప్రతి ఆ గడ్డ కణాల్లోనే పోతుంది.

గ్లూకోజ్‌ను వాడుకోవడం మొదలుపెట్టే ఎంజైమ్‌ను తయారుచేసే హెచ్‌కే1 జన్యువు కథ వేరు. ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల్లో ఈ జన్యువు మూతపడి ఉండాలి. రెండో ఇంట్రాన్‌లోని 42 అక్షరాల చిన్న భాగంలో మార్పు వస్తే మూత తెరుచుకుంటుంది. గ్లూకోజ్ తక్కువున్నా ఇన్సులిన్ కారుతూనే ఉంటుంది. 2022లో బయటపడిన సంగతిది. ప్రోటీన్‌లో ఏ లోపమూ లేదు, ఉండకూడని చోట ఉందంతే. ఈ మార్పులు ఎక్కువగా బిడ్డలోనే కొత్తగా పుడతాయి గనుక తల్లిదండ్రుల నమూనాలనూ కలిపి చదివించాలి.

కాల్షియం తక్కువ, ఫాస్ఫేట్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) ఎక్కువ, కిడ్నీలూ విటమిన్ డీ బాగానే ఉంటే, పీటీహెచ్ సంకేతాన్ని కణంలోకి చేర్చే జీఎన్ఏఎస్ జన్యువు మిథైలేషన్ (డీఎన్ఏపై ఉండే రసాయన గుర్తులు) చూడాలి. పక్కనున్న ఎస్‌టీఎక్స్16 జన్యువులో సుమారు 3 వేల అక్షరాలు ఎగిరిపోతే ఆ గుర్తులు చెడి, అదీ తల్లి నుంచి వస్తేనే, పీటీహెచ్‌కు శరీరం స్పందించని జబ్బు వస్తుంది. అక్షరాలు మాత్రమే చదివే పరీక్ష మిథైలేషన్ లోపాన్ని పట్టదు; మిథైలేషన్‌నూ కొలిచే ఎంఎల్‌పీఏ (డీఎన్ఏ భాగాల ప్రతులను లెక్కించే పరీక్ష) కావాలి.

దొరికిన మార్పుకు రుజువు కావాలి. మార్పు స్ప్లైసింగ్‌ను చెడగొడుతుందేమో అంచనా వేసే స్ప్లైస్‌ఏఐ అనే కంప్యూటర్ సాధనం స్కోరు 0.2 దాటితే అనుమానం, 0.8 దాటితే బలమైన అనుమానం. ఎన్‌హాన్సర్ల (జన్యువును పెంచే స్విచ్‌ల) విషయంలో అది పనికిరాదు. రక్తంలో ఆ జన్యువు పలకకపోతే ఆర్ఎన్ఏ పరీక్ష వృథా, మినీజీన్ (ఆ జన్యు ముక్కను ల్యాబ్‌లో కణాల్లో పెట్టి చూసే ప్రయోగం) మేలు. స్విచ్ పనితీరును పరీక్షించే ప్రయోగాన్ని తగిన కణాల్లో చేయకపోతే తేడా కనిపించదు. రుజువు అయ్యేదాకా ఆ మార్పు ‘అర్థం తేలనిది’గానే రిపోర్టులో ఉండాలి. గ్లూకోజ్ చికిత్స మాత్రం దీనికోసం ఆగకూడదు.