తనోట్ దారిలో ఆగిపోయిన ఫ్రిజ్: నా అనుభవం

రాజస్థాన్ ఎడారిలో, జైసల్మేర్ నుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరంలోని తనోట్‌కు మా శ్రీకాకుళం బండిలో, అంటే వంటగదీ పడకా అమర్చుకున్న వ్యానులో వెళ్తుండగా, రామ్‌గఢ్ దాటాక లోపలి ఫ్రిజ్, నీటి పంపు రెండూ ఒకేసారి ఆగిపోయాయి. బ్యాటరీ పోయిందని మా బావగారు తేల్చేశారు గానీ, మల్టీమీటరు (వోల్టులు కొలిచే పరికరం) నిండా ఛార్జి ఉన్నట్టు 12.6 వోల్టులు చూపడంతో నాకు నమ్మబుద్ధి కాలేదు.

పంపు స్విచ్ వేసి ఉంచి, మీటరు తీగల్లో ఒకదానిని బ్యాటరీ నెగటివ్ టెర్మినల్‌కు, రెండోదానిని ఛాసిస్‌కు, అంటే రంగు గీకిన బండి లోహపు చట్రానికి, ఆనించగా, దాదాపు సున్నా రావలసిన చోట 2 వోల్టులకు పైగా కనిపించింది. అంటే లోపం బ్యాటరీని ఆ చట్రానికి కలిపే ఎర్తు తీగ దగ్గరే ఉంది. బ్యాటరీ తీగలు ఊడదీసి, సీటు కింది ఎర్తు బోల్టు విప్పితే, తీగ కొసన పచ్చటి చిలుము, వాషరు కింద పొరలుగా లేచిన తుప్పు బయటపడ్డాయి. కళింగపట్నం ఉప్పుగాలిలో నిలిపి ఉంచే బండికి ఇది వింత కాదు, పాపం ఎడారి దోషమేమీ లేదు.

ఉప్పుకాగితంతో లోహం మెరిసేదాకా రుద్ది, బోల్టు గట్టిగా బిగించి, తేమ చేరకుండా పైన వ్యాజిలీన్ దట్టంగా పూశాను. మళ్లీ కొలిస్తే 0.1 వోల్టు కూడా రాలేదు, ఫ్రిజ్ వెంటనే అందుకుంది. పెరుగు మాత్రం అప్పటికే పులిసిపోయింది.