తోటలో గాయపడిన పక్షి – రెండవ పాఠం: పట్టుకోవడం, పెట్టెలో ఉంచడం

నేల మీద కనిపించిన ప్రతి పక్షీ గాయపడినది కాదనీ, ఒంటినిండా ఈకలు వచ్చి తోక ఇంకా పొట్టిగా ఉన్న గోరువంక పిల్లో పిగిలిపిట్ట పిల్లో ఎగరడం నేర్చుకునే దశలో కిందికి దిగుతుందనీ, తల్లిపక్షులు అక్కడికే వచ్చి మేత అందిస్తాయి కనుక దానిని కదపరాదనీ మొదటి పాఠంలో తెలుసుకున్నాం. ఈ పాఠం నిజంగా సాయం కావలసిన పక్షిని గురించినది: రెక్క వేలాడుతున్నది, రక్తం కారుతున్నది, మాంజా చుట్టుకున్నది, పిల్లి నోట పడినది. పిల్లి పట్టిన పక్షి పైకి క్షేమంగా కనిపించినా వదిలేయకూడదు. పిల్లి లాలాజలంలోని సూక్ష్మక్రిములు కంటికి ఆనని పంటిగాటు నుంచి కూడా రక్తంలో చేరి ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం తీయగలవు; వైద్యుడు ఇచ్చే యాంటీబయాటిక్ తప్ప దానికి ఇంట్లో విరుగుడు లేదు.

పక్షిని ముట్టుకోకముందే పెట్టె సిద్ధం చేసుకోవాలి. పిచ్చుక నుంచి గోరువంక వరకు చెప్పుల పెట్టె చాలు, గద్దకూ గుడ్లగూబకూ కిరాణా కొట్లో దొరికే పెద్ద అట్టపెట్టె కావాలి. గాలి రంధ్రాలను లోపలి నుంచి బయటికి పొడిస్తే అట్ట మొనలు పక్షికి గుచ్చుకోవు. అడుగున పాత నూలు పంచె ముక్క పరవాలి. టర్కీ తువ్వాలు పనికిరాదు, దాని పోగుల్లో గోళ్లు చిక్కుకుంటాయి. ఇనుప పంజరం అసలే వద్దు, అందులో కొట్టుకుని పక్షి తన ఈకలను తానే విరుచుకుంటుంది.

పట్టుకునేటప్పుడు వెనుక నుంచి నెమ్మదిగా వెళ్లి, పలుచని గుడ్డను తలతో సహా కప్పి, రెండు అరచేతులతో రెక్కలను ఒంటికి ఆనించి ఎత్తాలి. పక్షికి మనలాగా ఉదరవితానం, అంటే రొమ్ముకూ పొట్టకూ మధ్య ఉండి ఊపిరికి సాయపడే కండరపు పొర, ఉండదు. రొమ్ము ఎముక ముందుకూ వెనక్కూ కదిలితేనే దానికి ఊపిరి ఆడుతుంది. అందువల్ల జారిపోతుందేమోనన్న భయంతో రొమ్మును బిగించి పట్టుకుంటే, గాయం వల్ల పోని ప్రాణం మన చేతిలోనే పోతుంది. గద్ద విషయంలో కాళ్ల గోళ్లను, కొంగ విషయంలో ముక్కును గమనించుకోవాలి. కొంగ సూటిగా కళ్లనే పొడుస్తుంది.

సంక్రాంతి రోజుల్లో హైదరాబాదు చెట్లకూ కరెంటు తీగలకూ వేలాడే మాంజాకు ఎక్కువగా చిక్కేవి గద్దలూ పావురాలూ. నైలాన్ మాంజాను జాతీయ హరిత ట్రైబ్యునల్ 2017లో దేశమంతటా నిషేధించినా, అది మన మేడల మీదికి ఇంకా వస్తూనే ఉంది. ఆ దారాన్ని ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు. భుజానికీ మణికట్టుకూ మధ్య రెక్క ముందు అంచున సాగే పలుచని చర్మం ఉంటుంది. దారం సాధారణంగా దాన్నే కోస్తుంది, లాగితే ఆ కోత స్నాయువు దాకా వెళ్లి పక్షి ఇక జన్మలో ఎగరలేదు. చెట్టుకు వేలాడే దారాన్ని రెండు వైపులా జానెడేసి వదిలి కత్తిరించి, ఒంటికి చుట్టుకున్నదాన్ని అలాగే ఉంచి వైద్యుడికి అప్పగించాలి.

ఇప్పుడు ఈ పాఠంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట. సొమ్మసిల్లిన ప్రాణి నోట్లో నాలుగు చుక్కల నీళ్లు పోయడం మన ఇళ్లలో దయకు గుర్తు, కానీ పక్షికి అది ప్రాణాంతకం. దాని నోరు తెరిచినప్పుడు చూస్తే నాలుక మొదట్లోనే చిన్న చీలిక ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ కనిపిస్తుంది. అదే శ్వాసనాళ ద్వారం. నిస్సత్తువగా ఉన్న పక్షి మింగలేదు కనుక, పోసిన నీరు నేరుగా ఆ దారినే ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పాలు, పాలలో నానబెట్టిన రొట్టె, అన్నం కూడా వద్దు. పాలను అరిగించుకునే శక్తి పక్షులకు లేదు. వైద్యుడు చూసేదాకా దానికి కావలసినవి చీకటి, నిశ్శబ్దం, తగినంత వెచ్చదనం మాత్రమే.

పక్షి శరీర ఉష్ణోగ్రత సహజంగా 40 నుంచి 42 డిగ్రీలు ఉంటుంది కనుక, డిసెంబరు రాత్రి దొరికిన పక్షి త్వరగా చల్లబడిపోతుంది. గుడ్డ చుట్టిన గోరువెచ్చని నీళ్ల సీసాను పెట్టెలో ఒక పక్కనే ఉంచితే, వేడి ఎక్కువైనప్పుడు అది రెండో పక్కకు జరగగలదు. మే నెలలో ఎండదెబ్బకు నోరు తెరిచి రొప్పుతున్న పక్షికి ఇది వర్తించదు. దాన్ని నీడలో, గాలి ఆడే చోట ఉంచాలి. కిటికీ అద్దానికి కొట్టుకుని దిమ్మెరపోయిన పక్షి కూడా మూత వేసిన పెట్టెలో గంటా రెండు గంటల్లో తేరుకోవచ్చు. అంతవరకు మూత తీసి చూడకండి. మనం ప్రేమతో తొంగిచూసినా దానికి అది వేటాడే జంతువు ముఖమే.

తేరుకోని పక్షిని ఇంట్లో ఉంచుకోరాదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం రామచిలుకనైనా పెంచుకోవడం నేరం. హైదరాబాదు జూబ్లీహిల్స్‌లో 1992 నుంచి పనిచేస్తున్న జంతు సంరక్షణ సంస్థ బ్లూ క్రాస్‌కో, అటవీ శాఖకో, పక్షులను చూసే పశువైద్యుడికో ముందుగా ఫోను చేసి తీసుకువెళ్లాలి. ఆటోలో పెట్టెను ఒడిలో సమంగా పట్టుకుని, పాటలు ఆపమని డ్రైవరును అడగండి. ఎక్కడ, ఏ వేళకు, ఏ స్థితిలో దొరికిందో మూత మీద రాస్తే వైద్యుడికి ఉపయోగపడుతుంది. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

అభ్యాసం: మూడవ పాఠం చదివేలోగా ఒక చెప్పుల పెట్టెకు రంధ్రాలు పొడిచి, అందులో నూలు గుడ్డ, కత్తెర, రెండు ఫోను నంబర్లు రాసిన చీటీ ఉంచి, ఇంట్లో అందరికీ తెలిసిన చోట పెట్టండి. ఆ నంబర్లకు ఒకసారి ఫోను చేసి, రాత్రివేళ పక్షులను తీసుకుంటారో లేదో కనుక్కుని చీటీ మీద రాయండి.